యంత్రం వెంట హామీ కూడా సముద్రం దాటాలి

(జంషెడ్‌పూర్‌లో జరిగిన తెలుగు కార్మికుల సమావేశంలో మన సమాఖ్య కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



గాలిని, నీటిని తక్కువగా చెరిచే కొత్త ఉత్పత్తి విధానాల గురించి, వాటి కోసం దేశదేశాల ప్రభుత్వాలూ కంపెనీలూ ఏర్పరచుకుంటున్న సహకార సంబంధాల గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఇది ఇంజనీర్లకూ మంత్రిత్వ శాఖలకూ సంబంధించిన వ్యవహారమనీ, వేతన ఒప్పందాలతో, బోనసు లెక్కలతో తలమునకలుగా వుండే కార్మిక సంఘాలకు దీనితో పనేమిటనీ కొందరికి తోచవచ్చు. కాని రాబోయే పది పదిహేను సంవత్సరాలలో ఏ కొలిమి వెలుగుతుంది, ఏ కొలిమి ఆరిపోతుంది, ఏ పనికి మనుషులు కావాలి, ఏ పనికి అక్కరలేదు అన్నది ఈ సంబంధాలలోనే నిర్ణయమవుతున్నది. ఆ నిర్ణయాలు జరిగే చోట మనకు పీట లేదు. ఈనాడు మీ ముందు వుంచదలచిన విషయం ఇదే.

విదేశీ సహకారం జంషెడ్‌పూర్‌కు కొత్త కాదు. ఈ పట్టణం పుట్టుకే దానితో ముడిపడి వున్నది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి గ్రామంలో 1908లో కర్మాగార నిర్మాణం మొదలైనప్పుడు అమెరికన్ ఇంజనీరు చార్లెస్ పేజ్ పెరిన్ దానికి సలహాదారు. 1911లో ఇనుము, 1912లో ఉక్కు వెలువడినాయి. యంత్రాలు సముద్రం దాటి వచ్చాయి. వాటిని నడిపే అమెరికన్, యూరోపియన్ నిపుణులు కూడా వచ్చారు. కాని ఆ నిపుణుల జీతభత్యాలకూ, వారి పక్కనే మంటల ముందు నిలబడి పనిచేసిన భారతీయుని కూలికీ పోలిక లేదు. 1920లో జరిగిన సమ్మెలోనుండి జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టింది. 1928లో సుభాష్ చంద్రబోస్ ఆ సంఘానికి నాయకత్వం వహించినప్పుడు, పై ఉద్యోగాలలో భారతీయులను నియమించాలన్న ప్రశ్న కూడా ముందుకు వచ్చింది. అంటే విదేశాలనుండి యంత్రాన్ని తేవడం ఒక ఎత్తు, ఆ యంత్రపు రహస్యాన్ని, దాని ఫలాన్ని ఇక్కడి కార్మికుని చేతికి తేవడం మరొక ఎత్తు. మొదటిది ఒక ఒప్పందంతో పూర్తయింది. రెండవదానికి దశాబ్దాల పోరాటం కావలసి వచ్చింది.

తరువాతి చరిత్రలో మంచి వుదాహరణలూ లేకపోలేదు. 1954లో ఇక్కడి టెల్కో కర్మాగారం జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థతో లారీల తయారీకి ఒప్పందం చేసుకొన్నది. 15 ఏళ్ళ తరువాత 1969లో ఆ ఒప్పందం ముగిసింది, లారీల తయారీ మాత్రం ఆగలేదు. పరిజ్ఞానం ఇక్కడి చేతులలో స్థిరపడింది. అంతకన్నా ముఖ్యమైనది ఉక్కు కర్మాగారంలో 1956 జనవరిలో కుదిరిన ఒప్పందం. అప్పుడు అమెరికాకు చెందిన కైజర్ సంస్థ చేతిమీదుగా 20 లక్షల టన్నుల విస్తరణ పథకం సాగుతున్నది. ఆధునిక యంత్రాలు వచ్చినంత మాత్రాన వున్న కార్మికులను తొలగించరాదన్న సూత్రం ఆ ఒప్పందంలో చోటు చేసుకొన్నది. డిపార్ట్‌మెంటు స్థాయినుండి పై స్థాయి వరకు మూడంచెల ఉమ్మడి సంప్రదింపు మండళ్ళు ఏర్పడినాయి. దానితో అన్ని సమస్యలూ తీరిపోయాయని ఎవరూ అనరు. వేతనాల పెంపు, సంఘం గుర్తింపు వంటి కోర్కెలపై 1958 మే నెలలో ఇదే పట్టణంలో పెద్ద సమ్మె జరిగింది. అయినా విదేశీ పరిజ్ఞానం వచ్చినప్పుడు దాని వెంట కార్మికుని భద్రతకు లిఖితపూర్వకమైన హామీ వుండవచ్చునని ఈ దేశంలో నిరూపించిన పత్రాలలో అది ఒకటి. తొంభయ్యవ దశకంలో ఆధునికీకరణ మరొక రూపంలో వచ్చింది. స్వచ్ఛంద విరమణ పథకాల ద్వారా వేలాదిమంది బయటికి వెళ్ళారు. ఒకటిన్నర దశాబ్దాలలో ఇక్కడి ఉక్కు సంస్థ ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి దిగింది, ఉత్పత్తి మాత్రం పెరిగింది. ఈ రెండు అనుభవాలూ మన కళ్ళెదుట వున్నాయి. రాబోయే మార్పు ఈ రెండింటిలో దేని దారిన నడుస్తుందన్నదే ప్రశ్న.

ఇప్పుడు వస్తున్న మార్పు ఏమిటో చూద్దాం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ముడి ఖనిజంనుండి ప్రాణవాయువును విడదీసే పని కోక్ చేస్తుంది. ఆ క్రమంలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పెద్ద ఎత్తున వెలువడుతుంది. ఉక్కు పరిశ్రమలో కాలుష్య సమస్యకు మూలం ఇక్కడే వున్నది. కోక్ చేసే పనిలో కొంత భాగాన్ని హైడ్రోజన్ చేయగలిగితే బొగ్గుపులుసు వాయువుకు బదులు నీటి ఆవిరి వస్తుంది. 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్ కర్మాగారంలోని 'ఇ' బ్లాస్ట్ ఫర్నేస్‌లో నాలుగైదు రోజులపాటు ఎడతెగకుండా హైడ్రోజన్‌ను పంపి పరీక్షించారు. కొలిమిలోని ఇంజక్షన్ వ్యవస్థలో 40 శాతాన్ని ఈ పనికి వినియోగించారు. కోక్ వాడకం పదో వంతు వరకు తగ్గవచ్చునని సంస్థ ప్రకటించింది. అంతకు ముందే, 2021 సెప్టెంబరులో, కొలిమి వాయువునుండి రోజుకు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువును వేరుచేసే చిన్న ప్లాంటు ఇక్కడ ప్రారంభమైంది. దాని పరిజ్ఞానం కార్బన్ క్లీన్ అనే సంస్థది. 2023 జూన్‌లో జర్మనీకి చెందిన ఎస్.ఎం.ఎస్. గ్రూపు, లక్సెంబర్గ్‌లోని దాని అనుబంధ సంస్థ పాల్ వుర్త్‌తో మరొక అవగాహన కుదిరింది. కోక్ ఓవెన్ వాయువును సంస్కరించి కొలిమిలోకే తిరిగి పంపి, బొగ్గుపులుసు వాయువును సగానికి తగ్గించాలన్నది ఆ 'ఈజీమెల్ట్' పద్ధతి లక్ష్యం. కోక్ ఓవెన్లూ సింటర్ ప్లాంటూ అవసరం లేకుండానే ఇనుము తీసే 'హిసార్నా' పద్ధతికి నెదర్లాండ్స్‌లోని ఐముయిడెన్ కర్మాగారంలో 2010లో ప్రయోగాత్మక కొలిమిని నెలకొల్పారు. ఆ ఐముయిడెన్ కర్మాగారం కూడా ఇదే యాజమాన్యం కిందిదే.

లారీల రంగంలోనూ ఇదే ధోరణి. టాటా మోటార్స్, అమెరికాకు చెందిన కమిన్స్ సంస్థల భాగస్వామ్యంలో 2024 మార్చిలో జంషెడ్‌పూర్‌లో హైడ్రోజన్ ఇంజన్లూ, విద్యుత్ వాహనాల బ్యాటరీ వ్యవస్థలూ తయారుచేసే కర్మాగారం ప్రారంభమైంది.

ప్రభుత్వాల స్థాయిలో కూడా అల్లిక జరుగుతున్నది. పరిశ్రమల పరివర్తన కోసం 2019 సెప్టెంబరులో భారత్, స్వీడన్ కలిసి 'లీడిట్' అనే అంతర్జాతీయ బృందాన్ని నెలకొల్పాయి. యూరోపియన్ యూనియన్ సరిహద్దు కార్బన్ పన్ను 2023 అక్టోబరునుండి లెక్కల నివేదనతో మొదలై, 2026 జనవరి 1నుండి పూర్తి రూపంలో అమలులోకి వచ్చింది. ఎక్కువ కాలుష్యంతో తయారైన ఉక్కు యూరప్‌కు వెళ్ళాలంటే అదనపు ధర చెల్లించాలి. మన ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో హరిత ఉక్కుకు నిర్వచనం ప్రకటించింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నులకంటే తక్కువ బొగ్గుపులుసు వాయువు వెలువడితేనే దానికి ఆ గుర్తింపు. మన దేశపు సగటు రెండున్నర టన్నులకు పైగా వున్నది. కనుక మార్పు అనివార్యం. ఇది ఎవరి సరదా కోసమో వస్తున్నది కాదు.

ఇక్కడ మన వైఖరిని స్పష్టం చేయాలి. ఇదంతా ధనిక దేశాల పన్నాగమనీ, మన ఉద్యోగాలను కాపాడుకోవాలంటే పొగగొట్టాలను ఇలాగే వుండనివ్వాలనీ వాదించేవారు మనలోనూ వున్నారు. ధనిక దేశాలు 200 ఏళ్ళు బొగ్గు కాల్చి బాగుపడి, ఇప్పుడు మనకు లెక్కలు చెబుతున్నాయన్న మాటలో నిజం వున్నది. భారాన్ని న్యాయంగా పంచుకోవాలని మన దేశం అడగడం సమంజసమే. కాని పొగను మొదట పీల్చేది ఎవరు? కోక్ ఓవెన్ బ్యాటరీ మీద నిలబడే కార్మికుడు. కోక్ ఉత్పత్తి సమయంలో వెలువడే పదార్థాలు మనుషులలో కాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ నిర్ధారించి చాలా కాలమైంది. కనుక పరిశుభ్రమైన ఉత్పత్తి విధానం మన శత్రువు కాదు. మనలను తెలియని వారిగా, లెక్కలోకి రాని వారిగా వుంచి చేసే మార్పు మాత్రమే మనకు శత్రువు.

ఒకే యాజమాన్యం కింద రెండు విదేశీ పట్టణాలలో ఏమి జరిగిందో పరిశీలిస్తే ఈ తేడా తెలుస్తుంది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో పోర్ట్ టాల్బట్ కర్మాగారం వున్నది. అక్కడి రెండు బ్లాస్ట్ ఫర్నేస్‌లలో ఒకటి 2024 జూలైలో, రెండవది ఆ సంవత్సరమే సెప్టెంబరు 30న ఆగిపోయినాయి. వాటి స్థానంలో తుక్కు ఇనుమును కరిగించే విద్యుత్ కొలిమి కోసం 125 కోట్ల పౌండ్ల పథకం రూపొందింది. అందులో 50 కోట్లు బ్రిటిష్ ప్రభుత్వానివి. కొత్త కొలిమి వచ్చేవరకు ఒక పాత కొలిమినైనా నడపాలని అక్కడి సంఘాలు నిపుణుల చేత ప్రత్యామ్నాయ ప్రణాళిక తయారు చేయించి ముందుంచాయి. 2024 జనవరిలో సంస్థ దానిని తోసిపుచ్చింది. సుమారు 2800 ఉద్యోగాలు పోతాయని అప్పుడే ప్రకటించింది. కొత్త కొలిమి నిర్మాణం 2025 జూలైలోగాని మొదలు కాలేదు. ఈ మధ్యకాలంలో అక్కడి రోలింగ్ మిల్లులకు కావలసిన ఉక్కు నెదర్లాండ్స్‌నుండి, భారతదేశంనుండి ఓడలలో వెళుతున్నది.

ఈ చివరి మాటను మీరు కొంచెం ఆగి ఆలోచించాలి. అక్కడ ఆరిపోయిన కొలిమి పనిలో కొంత ఇక్కడి కొలిమికి వచ్చింది. ఇది మనకు లాభమని సంతోషించేవారు వుండవచ్చు. కాని ఈనాడు వారికి ఎదురైనది రేపు మనకు ఎదురైతే, అప్పుడు మన పని మరొక రేవుకు వెళుతుంది. పక్కింటి కప్పు కాలుతుంటే చలి కాచుకొన్నవాని ఇల్లు ఎంతకాలం నిలుస్తుంది?

ఐముయిడెన్ అనుభవం వేరు. 2020లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా అక్కడి కార్మికులు వారాల తరబడి సమ్మె చేసి, బలవంతపు తొలగింపులు వుండవన్న హామీ సాధించారు. అంతటితో వారు ఆగలేదు. ఎఫ్.ఎన్.వి. సంఘం 2021లో తానే స్వయంగా హరిత ఉక్కు ప్రణాళిక తయారు చేయించింది. వెలువడిన వాయువును పట్టి సముద్రగర్భంలో నింపే పద్ధతి వద్దు, హైడ్రోజన్‌తో నేరుగా ఖనిజాన్ని ఇనుముగా మార్చే పద్ధతి కావాలి అని వాదించింది. ఆ ఏడాది సెప్టెంబరులో సంస్థ హైడ్రోజన్ మార్గాన్నే ఎంచుకొన్నది. దీనితో కథ సుఖాంతమైందని కాదు. 2025 ఏప్రిల్‌లో అక్కడ 1600 ఉద్యోగాల తగ్గింపును ప్రకటించారు. 2025 సెప్టెంబరులో డచ్ ప్రభుత్వం 200 కోట్ల యూరోల వరకు సహాయానికి సంసిద్ధత తెలిపే పత్రంపై సంతకం చేసింది. బేరసారాలు సాగుతూనే వున్నాయి. అయినా ఏ యంత్రం రావాలన్న ప్రశ్నపై కార్మిక సంఘం ఒక ప్రణాళికతో మాట్లాడగలదని, ఆ మాట చెల్లుతుందని వారు నిరూపించారు. పోర్ట్ టాల్బట్ సంఘాలకూ ప్రణాళిక వున్నది. కాని అది కంపెనీ, ప్రభుత్వం ఒక నిర్ణయానికి వచ్చిన తరువాత బల్ల మీదికి చేరింది. ముందుగా తెలియడమే సగం బలం.

ఏ యంత్రం వస్తుందన్న ప్రశ్న మన ఆదిత్యపూర్‌కు ఎంత ముఖ్యమో చూడండి. అక్కడి పారిశ్రామిక వాడలో వందలాది చిన్న కర్మాగారాలు లారీల విడిభాగాల మీదనే బ్రతుకుతున్నాయి. హైడ్రోజన్‌తో నడిచేదైనా ఇంజను ఇంజనే. దానికి సిలిండర్ బ్లాకు కావాలి, క్రాంక్‌షాఫ్ట్ కావాలి, పిస్టన్ కావాలి. పోత పోసేవాడు, లేతు పట్టేవాడు, గేరు కోసేవాడు పనిలో వుంటారు. బ్యాటరీ వాహనానికి ఇవేవీ అక్కరలేదు. ఒకే ప్రాంగణంలో తయారయ్యే ఈ రెండు వస్తువులలో దేని వాటా ఎంత అన్నదానిపై ఆదిత్యపూర్‌లో ఎన్ని షెడ్లు తెరిచి వుంటాయన్నది ఆధారపడి వున్నది. ఆ వాటాను ఎక్కడో దూరాన వున్న మార్కెట్ అంచనాలు నిర్ణయిస్తాయి. ఆ కబురు లేతు పట్టేవానికి చేరేది ఆర్డరు ఆగిపోయిన రోజున మాత్రమే.

చట్టం సంగతి ఏమిటి? పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రిట్రెంచ్‌మెంటుకు దారితీయగల యంత్ర, సాంకేతిక మార్పులకు ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలన్న పాత నియమం కొత్త కోడ్‌లోనూ మిగిలింది. సంతోషమే. కాని కొత్త పరిజ్ఞానానికి అవగాహన పత్రాల మీద సంతకాలు జరిగేది కొలిమి మారడానికి కొన్ని సంవత్సరాల ముందు. అన్నీ ముగిసిన తరువాత ఇచ్చే 21 రోజులు దుఃఖించడానికి సరిపోతాయేమోగాని బేరమాడడానికి సరిపోవు. పైగా మూసివేతకు ప్రభుత్వ అనుమతి అవసరమైన పరిమితి 100 మందినుండి 300 మందికి పెరిగింది. ఆదిత్యపూర్ షెడ్లలో 300 మంది పనిచేసేవి ఎన్ని వుంటాయో మీకే తెలుసు.

ఠేకా మజ్దూరుల స్థితి ఇంకా దయనీయం. కోక్ ఓవెన్ల దగ్గర, సింటర్ ప్లాంటులో, కొలిమి మరమ్మతులలో, ఊడ్చే పనిలో, మోసే పనిలో వున్నవారు అధికంగా వీరే. తగ్గించబోయే విభాగాలు కూడా అవే. కాని ఏ పథకంలోనూ వీరి పేరు వుండదు. పేరు లేనివానికి తిరిగి శిక్షణ ఎవరిస్తారు? ఇక ఝరియా బొగ్గు గనులు కోక్ మీద ఆధారపడి వున్నాయి. కోక్ వాడకం తగ్గిన ప్రతిసారీ ఆ సెగ గని దాకా వెళుతుంది. ఝార్ఖండ్ ప్రభుత్వం న్యాయమైన పరివర్తన కోసం 2022లో ప్రత్యేక కార్యదళాన్ని నియమించింది. దేశంలో ఇటువంటిది ఇదే మొదటిది. దానిని స్వాగతిస్తున్నాం. ఠేకా కార్మికుని లెక్క దానిలో చేరేలా చూసే బాధ్యత మనది.

తెలుగువారమైన మనకు మరొక కారణం కూడా వున్నది. ఉత్తరాంధ్రనుండి తరాల క్రితమే వచ్చి ఈ పట్టణంలో స్థిరపడిన కుటుంబాలు మనవి. మన బంధువులు అక్కడ విశాఖలో వున్నారు. 1966లో ప్రాణత్యాగాలతో సాధించుకొన్న విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతోనే నిర్మాణమైంది. ఆ కర్మాగారాన్ని ప్రైవేటు పరం చేయాలని 2021 జనవరిలో తీసుకొన్న నిర్ణయానికి వ్యతిరేకంగా అక్కడి కార్మికులు పోరాటానికి దిగారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. ఆ నెలలోనే అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఇక్కడ కొలిమిలో హైడ్రోజన్‌ను పరీక్షిస్తున్నారు, అక్కడ హైడ్రోజన్‌ను తయారు చేయబోతున్నారు. ఈ రెండు చోట్ల వున్న కార్మికులు ఒకరికొకరు ఒక ఉత్తరమైనా వ్రాసుకొన్నారా? ఐముయిడెన్‌దాకా వెళ్ళే ముందు ఈ దారి మొదట వేసుకోవాలి.

కంపెనీలకు కంపెనీలతో, ప్రభుత్వాలకు ప్రభుత్వాలతో సంబంధాలు వున్నట్లే సంఘాలకు సంఘాలతో సంబంధాలు వుండి తీరాలి. దానికి వేదికలు లేకపోలేదు. లోహ, రసాయన, గని కార్మికుల సంఘాలు కలిసి 2012లో కోపెన్‌హేగెన్‌లో ఇండస్ట్రియాల్ ప్రపంచ సంఘాన్ని ఏర్పరచుకొన్నాయి. న్యాయమైన పరివర్తనకు అంతర్జాతీయ కార్మిక సంస్థ 2015లో మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. అదే సంవత్సరం పారిస్ ఒప్పందపు పీఠికలో ఆ మాట చేరింది. మాట కాగితం మీద వున్నది. దానిని గేటు దగ్గరికి తేవలసినవారం మనమే.

అందుచేత మేము నాలుగు కర్తవ్యాలను మీ పరిశీలనకు పెడుతున్నాం. మొదటిది: కొత్త పరిజ్ఞానానికి విదేశీ సంస్థతో అవగాహన కుదిరిన దశలోనే, అది ఏ విభాగాలను ఎలా మారుస్తుందో గుర్తింపు పొందిన సంఘానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరాలి. రెండవది: 1956నాటి సూత్రాన్ని నేటి పరిస్థితికి అన్వయించి, ఆధునికీకరణ కారణంగా ఎవరినీ తొలగించరాదన్న హామీని, జీతం తగ్గకుండా తిరిగి శిక్షణను ఠేకా కార్మికులకు కూడా వర్తింపజేయాలని పట్టుబట్టాలి. మూడవది: ఆదిత్యపూర్ చిన్న కర్మాగారాలలో ఎవరు ఏ పని చేస్తున్నారో, ఆ పనిలో ఏది మిగులుతుందో, ఏది పోతుందో సంఘాలే షెడ్డు షెడ్డుకూ తిరిగి లెక్క వ్రాయాలి. ఎఫ్.ఎన్.వి. ప్రణాళిక వ్రాయించగలిగినప్పుడు మనం ఒక జాబితా వ్రాయలేమా? నాలుగవది: జంషెడ్‌పూర్, విశాఖ, పోర్ట్ టాల్బట్, ఐముయిడెన్ కార్మిక సంఘాలు తమ ఒప్పందాల ప్రతులను పరస్పరం పంపుకొనే ఏర్పాటు కావాలి. ఒకచోట సాధించిన షరతు మరొక చోట కోర్కెల పత్రంలో మొదటి వాక్యం కావాలి. ఒకచోట కొలిమి ఆగితే, ఆ పనిని స్వీకరించే చోట సంఘం మౌనంగా వుండరాదు.

ఇవి ఒక్క రోజులో నెరవేరేవి కావు. ఎనిమిది గంటల పనిదినం ఒక్క రోజులో రాలేదు. ఈ పట్టణంలో సంఘం పెట్టుకొనే హక్కు కూడా ఒక్క రోజులో రాలేదు. రేపు గేటు మీటింగులలో హైడ్రోజన్ అన్న మాట వినబడినప్పుడు అది ఇంజనీర్ల మాట అని పక్కకు తప్పుకోకండి. దాని వెంట ఏ హామీ వచ్చిందని అడగండి. సమాధానం రాకపోతే మళ్ళీ అడగండి. అందరూ కలిసి అడగండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!